తరగని కుప్ప

మా అమ్మను నేనొక్కణ్ణే చూసుకుంటున్నాను. మా ఊళ్ళో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. చెప్పకుండా ఎట్లా ఉంటారు, వాళ్ళందరికీ చెప్పింది నేనే కదా. కోడి కూయకముందే లేచి ఆమెను లేపుతాను, ముఖం కడుగుతాను, తల దువ్వి కొప్పు వేస్తాను, కాఫీ తాగిస్తాను, పగటికి సంగటి కెలుకుతాను, కాళ్ళు పిసుకుతాను. ఒకసారి కదిరి బస్సులో పక్క సీటాయనకు ఇదంతా చెబితే, పాపం, ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. దిగేటప్పుడు నా కాళ్ళకు మొక్కబోయాడు.

మొక్కబోలేదులెండి. కళ్ళు కూడా తుడుచుకోలేదు. కిటికీలోంచి దుమ్ము కొడుతుంటే కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, అంతే.

మిగతా దాంట్లో నిజమెంతో కూడా చెప్పేస్తాను. అమ్మను లేపేది నేనే. కాకపోతే నేను లేపడానికి పోయేసరికి ఆమె లేచి కూర్చుని, నేనింకా లేవలేదని తిడుతూ ఉంటుంది. ముఖం కడిగేది, నీళ్ళు పోసేది, కొప్పు వేసేది, సంగటి కెలికేది మా ఇంటామె. నేను చెంబు అందిస్తాను. చెంబు అందించడం చిన్న పని అనుకునేవాళ్ళు మా అమ్మకు ఒక్కసారి అందించి చూడాలి. నీళ్ళు వేడిగా ఉంటే ఒక తిట్టు, చల్లగా ఉంటే ఇంకొకటి, సరిగ్గా ఉంటే "ఇంతసేపూ యాడ సచ్చినావురా?" అని మరొకటి.

నా నోటి సంగతి ఆమెకు నా చిన్నప్పటి నుంచీ తెలుసు. "వీని నోట్లో గింజ పడితే గంప అయితాది" అనేది. ఇప్పుడు ఆమె చాలా మరిచిపోయింది గానీ ఆ మాట మాత్రం మరిచిపోలేదు.

ఆమెకు తొంభై దాటాయని నేనంటాను. దాటలేదని ఆమె అంటుంది. ఆ మధ్య వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. అది అతుక్కుంది గానీ ఎవరైనా పట్టుకోకపోతే అడుగు పడదు. మతి మాత్రం మా ఊరి కరెంటు లాంటిది. ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో, వచ్చినా ఎంత వోల్టేజీతో వస్తుందో ఎవరూ చెప్పలేరు. వోల్టేజీ సంగతి నాకు బాగా తెలుసు. బతుకంతా బోరు మోటార్లకు కాయిల్ చుట్టినవాణ్ణి. మా మెట్టలో వానకు కరువు గానీ కాలిపోయిన మోటార్లకు ఎన్నడూ కరువు లేదు. కింద నీళ్ళు అయిపోయిన సంగతి మోటారుకు తెలియదు. గాలి లాగుతూ, వేడెక్కుతూ, తిరుగుతూనే ఉంటుంది. రైతుకు కాలిన వాసన వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. వాళ్ళు ఆ మోటారును ట్రాక్టరులో వేసుకొస్తే, "నీళ్ళు లేకుండా తిప్పితే కాలకుండా ఎట్లుంటాదప్పా?" అని నేను పెద్ద తెలివైనవాడిలా అడిగేవాణ్ణి.

అమ్మ రోజంతా పంచలో నులక మంచం మీద కూర్చుంటుంది. కూర్చుని ఊరికే ఉండదు, అడుగుతుంది.

"ఎద్దులకు నీళ్ళు పెట్టినావా?"

మా ఇంట్లో ఎద్దులు లేక ఎన్నో ఏళ్ళయింది. మొదటిసారి అడిగినప్పుడు నేను సత్యవంతుడిలా, "ఎద్దులు యాడివిమ్మా, నాయన ఉన్నప్పుడే అమ్మేసినాడు కదా" అన్నాను. ఆమె భోరుమని ఏడ్చింది. మాకు అది పాత సంగతి, ఆమెకు ఆ క్షణంలోనే తెలిసింది. మళ్ళీ కాసేపటికి మరిచిపోయి అడిగింది. మళ్ళీ చెబితే మళ్ళీ ఏడ్చింది. అప్పటి నుంచి నేను సత్యం మానేశాను.

"పెట్టినామ్మా."

"ఏ దానికి ముందు పెట్టినావు?"

"నల్లదానికి."

"నల్లదా? మనకు నల్లెద్దు యాడిదిరా? ఎవురి ఎద్దుకు నీళ్ళు పెట్టొచ్చినావు? మన ఎద్దులు ఎండకు నాలికలు యెల్లబెట్టుకోని ఉంటాయి, ఈడు ఊరోళ్ళ ఎద్దులకు తాపి వచ్చినాడంట!"

లేని ఎద్దులకు కూడా సరైన రంగు ఉండాలని నాకు అప్పుడు తెలిసింది. ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. ఇప్పుడు నాకు వాటి కొమ్ముల వంపు కూడా తెలుసు.

వినడానికి ఇది నవ్వులాటగా ఉంటుంది. ఒక పూటకైతే నవ్వులాటే. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా అదే ప్రశ్న, అదే ఎద్దు, అదే తిట్టు అయితే మనిషి లోపల ఏదో వేడెక్కుతుంది. నేను పళ్ళు కొరుకుతూ జవాబు చెప్పేవాణ్ణి. గిన్నెలు కింద పెట్టేటప్పుడు కొంచెం గట్టిగా పెట్టేవాణ్ణి. కొన్ని మధ్యాహ్నాలు పెరట్లోకి పోయి, ఎప్పుడో పాడైపోయిన మోటారు దిమ్మ మీద కూర్చుని, నాకు పాలిచ్చి పెంచిన మనిషి మీద నాకింత కోపం ఎందుకొస్తున్నదని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. తిట్టుకున్నంత మాత్రాన కోపం తగ్గేది కాదు. కోపానికి సిగ్గు కూడా తోడై రెండూ కలిసి లోపలికి వచ్చేవి.

మా ఇంటామె ఒకరోజు నా వైపు ముక్కు ఎగబీల్చి, "ఏమయ్యా, నీ తలకాయలోనుంచి కాయిల్ కాలిన వాసన వస్తాంది. పోయి చూపించుకోరాదా?" అంది.

మండలంలో సర్కారు ఆసుపత్రికి పోయాం. డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. నా చేతికి పట్టీ చుట్టి, బీపీ చూసి, కళ్ళు పెద్దవి చేసింది. ఇంట్లో ఎవరెవరున్నారు, నిద్ర పడుతున్నదా, ఎప్పుడైనా బయటికి పోతారా అని అన్నీ అడిగింది. "ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళు తమను కూడా చూసుకోవాలి తాతా. రోజూ కొంచెంసేపు మీకోసం పెట్టుకోండి. నలుగురిలో కూర్చోండి, ఆడుకోండి, ఏదైనా చేయండి. ఎవరైనా సాయం వస్తామంటే వద్దనకండి. మీకు సాయంగా ఎవరైనా ఉన్నారా?"

"ఎవురూ లేరు మేడం. అంతా నేనొక్కణ్ణే" అన్నాను.

నా వెనకాల మా ఇంటామె దగ్గింది. అది జలుబు దగ్గు కాదు.

డాక్టరమ్మ మాటలో సగం నాకు బాగా నచ్చింది. నాకోసం కొంచెంసేపు పెట్టుకోవడం. రెండో సగం నచ్చలేదు. పక్కింటామె, కూలికి పోయే మనిషి, ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ పోదు, ఎన్నోసార్లు గోడ మీదుగా అడిగింది. "పని లేనప్పుడు నేనొచ్చి అవ్వ దగ్గర కూచుంటా మామా, నువ్వట్ల తిరిగి రాపో" అని. ప్రతిసారీ నేను, "వద్దులేమ్మా, మా యమ్మను నేను చూసుకోలేనా?" అనేవాణ్ణి. ఆమెకు కష్టం ఇవ్వడం ఇష్టం లేక అన్నానని రాయాలని ఉంది. అసలు సంగతేమంటే, ఆమె కూడా వచ్చి కూర్చుంటే నేనొక్కణ్ణే చూసుకుంటున్నానని చెప్పుకోవడానికి వీలుండదు.

సాయం లేకుండా తీరిక దొరకాలంటే ఏదో ఉపాయం కావాలి. ఆ ఉపాయం నేను కనిపెట్టాను.

నేను కాదు, మా ఇంటామె కనిపెట్టింది. అది కూడా కనిపెట్టాలని కాదు. ఒక పూట వంటకు తొందరై, కందులు చేటలో పోసి, "అత్తా, కొంచెం రాళ్ళేరి ఇయ్యి" అని అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ చేట పట్టుకుంది. అంతే, ఇల్లు మాట మానేసింది. ఎద్దుల ఊసు లేదు, వాన ఊసు లేదు. గోడ మీద బల్లి పలకడం ఎన్నాళ్ళకో వినిపించింది. అమ్మ మతి ఎన్నెన్ని చోట్ల తిరుగుతున్నా వేళ్ళు మాత్రం ఇల్లు వదిలిపెట్టి పోలేదు. కళ్ళకు సరిగ్గా కనిపించకపోయినా, తాకగానే ఇది రాయి, ఇది గింజ అని ఆ వేళ్ళకు తెలుసు.

కందుల్లో రాళ్ళు త్వరగా అయిపోయాయి. అక్కడి నుంచి నా తెలివి మొదలైంది. ఉలవలు, అనుములు, జొన్నలు, కందులు తీసుకుని, అన్నీ ఒకటిగా కలిపి, చేటలో కుప్ప పోశాను. "కళ్ళంలో అన్నీ కలిసిపోయినాయిమ్మా, వేరు చెయ్యల్ల" అన్నాను.

"ఎవురు కలిపినారురా, బుద్ధి లేకుండా?"

"కూలోళ్ళమ్మా."

"నీ మాదిరి కూలోళ్ళు దొరికినారులే" అంటూ పని మొదలుపెట్టింది. ఉలవలు ఒక మూలకు, అనుములు ఒక మూలకు, జొన్నలు పక్కకు. కుప్ప దాదాపు అయిపోయేసరికి ఆమెకు కునుకు పట్టింది. నేను మెల్లగా పోయి, నాలుగు మూలల గింజల్నీ మళ్ళీ మధ్యలోకి తోసి, చేత్తో బాగా కలిపి, కుప్ప చేసి, పిల్లిలా బయటికి నడిచాను.

పాలకేంద్రం ముందర బండ మీద పులిజూదం గీసి ఉంటుంది. లారీ తోలి తోలి రిటైరైన నా చిన్ననాటి స్నేహితుడు ఆ బండకు కాపలా. నా ఉపాయం అతనికి చెప్పాను.

"అంటే మీ యమ్మకు పని పెట్టి నువ్వు ఈడికి వచ్చినావా?"

"పని కాదప్పా, మందు. ఆమెకూ మందే, నాకూ మందే. నేను కనిపెట్టిన మందు."

"మందు అంటాడు దొంగోడు. సరే, మేకలు పెట్టు."

ఆ రోజు మొదలు నా జీవితం బాగుపడింది. అమ్మ లేచి చేట చూసేది. కుప్ప ఉండేది. పని చేసేది, కునికేది. నేను కలిపేవాణ్ణి, పోయేవాణ్ణి. అదే గింజలు, అదే చేట. డాక్టరమ్మ దగ్గరికి మాత్రలకు పోయినప్పుడు నా బీపీ దిగిందని మెచ్చుకుంది. ఏం చేస్తున్నావు తాతా అని అడిగితే, ఇట్లాంటి ఉపాయాలు నేను చాలా కనిపెట్టానని, కావాలంటే ఆసుపత్రిలో అందరికీ చెబుతానని అన్నాను. మా ఇంటామె మళ్ళీ దగ్గింది.

అమ్మ తిండి తగ్గిన సంగతి మొదట మాకు పట్టలేదు. పగటిపూట సంగటి ముద్ద, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి కంచంలో పెట్టి తీసుకుపోతే, "ఇది కానీ, తింటా" అనేది. కంచం ఆరిపోయేది. సరే, ఆకలి లేదేమో, ఎండ కదా, రాత్రికి తింటుందిలే అనుకున్నాం. రాత్రికి రెండు ముద్దలు తినేది. తర్వాత ఒకటి. చేట ఎంత మంచిదో తెలిశాక సాయంత్రం కూడా నేనది ఆమె మంచం పక్క నుంచి తీయడం మానేశాను. ఆమె చేతి గాజులు ఒకప్పుడు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండేవి. చేయెత్తి కొప్పు సర్దుకుంటుంటే అవి మోచేతి దాకా జారిపోయాయి. అది చూసి మా ఇంటామె గుండె మీద చేయి వేసుకుంది.

ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ ఈసారి నాతో నవ్వలేదు. "ఈ వయసులో తిండి మానేస్తే చాలా త్వరగా దిగిపోతారు. ఎట్లాగైనా నోటితో తినిపించండి. ఇట్లాగే ఉంటే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయి ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుంది. ఈమెకు అది తట్టుకోవడం కష్టం" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నా భుజానికి ఆనుకుని కూర్చుంది. నా మీద పడిన ఆ బరువు ఎంత తక్కువగా ఉందో నా భుజానికి ఇప్పటికీ తెలుసు. ఇక్కడ నేనేమీ కలపడం లేదు.

ఇంటికొచ్చాక మా ఇంటామె చేయని ప్రయత్నం లేదు. పాలల్లో బొరుగులు నానబెట్టింది. ఉగ్గాని చేసింది. పండగ కాకపోయినా పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చింది. ఆ ఓళిగలు చూసి నాకే నోరూరింది. అమ్మ మాత్రం కంచం పక్కకు జరిపి, "ఇది కానీమ్మా" అని చేట ముందుకు లాక్కునేది. "తిను అత్తా, మళ్ళ చేద్దువు" అంటే, "మళ్ళ ఎట్లయితాది? కుప్ప అట్లే ఉండాది కదా" అనేది. ఇద్దరమూ ఆ మాట విన్నాం. విని కూడా ఇద్దరికీ బుర్ర వెలగలేదు.

ఒక పగలు కంచంతో నేనే కూర్చున్నాను. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. ఆమె తల తిప్పుకుంది. ఇంకోసారి పెట్టాను. చేత్తో తోసేసింది. ఊరిబిండి నా చొక్కా మీద పడింది. అప్పుడు లోపలున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. ఆ గొంతు నాదని నాకే అనిపించలేదు.

"తింటావా, తినవా? ఏమనుకుంటాండావు? నన్ను సంపల్లనా?"

అమ్మ ముడుచుకుపోయింది. చేటను ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది. నా ముఖం వైపు చూసింది గానీ చూసింది నన్ను కాదు.

"అయిపోతాందప్పా మేస్త్రీ" అంది. "ఇంగ రవ్వంతే ఉండాది. కొలత తక్కువ రాసుకోవద్దు. నేను కూటికి లెయ్యలేదు, చూడు, పొద్దన్నుంచీ కూటికి లెయ్యలేదు. పిల్లోడు చెట్టు కింద ఉండాడు, వానికి రవ్వంత పెట్టొస్తా, అంతే."

నా చేతిలో కంచం అట్లాగే ఉండిపోయింది.

మేస్త్రీ ఎవరో నాకు తెలుసు. చెట్టు కింద పిల్లోడు ఎవరో కూడా తెలుసు. అది నేనే. నేను పసివాణ్ణిగా ఉన్నప్పుడు వరసగా వానలు లేక, చేనుండీ గింజ లేక, మా అమ్మ కరువు పనులకు పోయింది. రోడ్డుకు కంకర కొట్టే పని. ఎవరు కొట్టిన కంకర వాళ్ళు కుప్ప పోయాలి. సాయంత్రం మేస్త్రీ చెక్క పెట్టెతో కొలిచేవాడు. కుప్ప కొలతకు రాకపోతే ఆ రోజు లెక్కకు రానట్టే. మధ్యలో తినడానికి లేచినవాళ్ళ కుప్పలు తక్కువ పడేవని, అమ్మ కొలత పడేదాకా కూటికి లేచేది కాదు. నా బాల్యమంతా ఈ కథ వింటూ పెరిగాను. ఎక్కడైనా చెప్పుకునేటప్పుడు ఆ కంకర కుప్పను కొండంత చేసి చెప్పిందీ నేనే. మరి చేటలో రోజూ కుప్ప పోసినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఆమె ఆకలి ఎక్కడికీ పోలేదు. పని ముగియనిదే తినకూడదని కూర్చుంది. పని ముగియకుండా చూస్తున్నది నేను.

నేను కంచం పక్కన పెట్టి, తుండుతో ముఖం తుడుచుకుని, మంచం ముందు నేల మీద చతికిలబడ్డాను. చేట మధ్యలో చేయి పెట్టాను. "నేనూ చేస్తా" అన్నాను. ఇద్దరమూ ఏరడం మొదలుపెట్టాం. ఆమె వేళ్ళు గబగబా పోతున్నాయి. నావి తడబడుతున్నాయి. కాసేపటికి ఆమె నా మూల వైపు చేయి పెట్టి తడిమింది.

"ఏమిరా, ఉలవల్లో అనుములు వేసినావు? కాయిల్ చుట్టీ చుట్టీ కండ్లు పోయినాయా నీకు?"

మేస్త్రీ వెళ్ళిపోయాడు. నేను తిరిగొచ్చాను. అంత సంతోషంగా నేనెప్పుడూ తిట్టు తినలేదు.

మొదటిసారి ఆ కుప్ప అడుగంటింది. అమ్మ చేట మధ్యలో ఏమీ లేదని వేలితో గీసి చూసుకుంది. తర్వాత నా ముఖం చూసింది. ఇంకా ఏదో కావాలన్నట్టు చూసింది. ఏం కావాలో మా ఇంటామెకు తెలిసింది. లోపలికి పోయి, అటక మీద నుంచి పాత పడి తెచ్చి ఇచ్చింది, గింజలు కొలిచే పడి. అమ్మ దాన్ని పైట చెంగుతో తుడిచి, ఉలవలు నింపి, పైన అంచుకు సమంగా తలకొట్టి, "లాభం" అంది.

మా కళ్ళాల్లో గింజలు కొలిచేటప్పుడు ఎవరూ ఒకటి అనరు. మొదటి పడికి లాభం అంటారు, రెండు మూడు ఆ తర్వాతే. ఆ మాట మా ఇంట్లో ఎన్నాళ్ళకు వినిపించిందో! అన్ని రోజులుగా ఆమెను కొలత దాకా రానివ్వలేదు కదా నేను. అనుములకూ జొన్నలకూ కందులకూ కూడా లాభమే అయింది, ఎందుకంటే దేనికీ రెండో పడి నిండేంత గింజ లేదు. ఆ సంగతి ఆమె పట్టించుకోలేదు. చేటలో గుప్పెడు గింజలు పిట్టలకని వదిలేసి, చేతులు దులుపుకుంది.

"కాళ్ళూ చేతులూ కడుక్కుంటా. సంగటి పెట్టు" అంది కోడలితో. ఆ వెంటనే నా వైపు తిరిగి, "నువ్వు తిన్యావా?" అంది.

తినలేదు. నేనూ పొద్దున్నుంచీ కూటికి లేవలేదు. పంచలోనే పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆమె ఎంత తిన్నదని అడిగితే, బండ మీద స్నేహితుడికి నేను రెండు ముద్దలని చెప్పాను. ఒకటి. ఒకటి పూర్తిగా తిన్నది. అది చాలు.

ఆ సాయంత్రం పెరట్లో మా ఇంటామెతో అంతా ఒప్పుకున్నాను. గింజలు కలిపింది నేనే, రోజూ నేనే అని. ఎట్లా చెప్పాలో తెలియక గొంతు సవరించుకుని చాలా దూరం నుంచి మొదలుపెట్టాను. ఆమె గిన్నె తోముతూనే ఉంది.

"నువ్వు కలిపేది నేను మొదటి రోజే చూసినా."

"చూసి కూడా ఏమీ అనలేదే!"

"ఎందుకంటా? ఆయమ్మ చేట పట్టుకోని నిమ్మళంగా ఉండె. నువ్వు బండ కాడికి పోతివి. ఇంట్లో నాక్కూడా రవ్వంత గాలి ఆడె. నువ్వొక్కడివే చూసుకుంటాండావు కదా, నీ తెలివిలో నేనెందుకు చెయ్యి పెట్టల్ల అనుకొంటి." గిన్నె బోర్లించి, ఈసారి ఎగతాళి లేకుండా అంది, "తప్పు నాదీ ఉండాది. ఆయమ్మ కుప్ప అంటాంటే నాకూ తట్టలేదు."

మర్నాడు నేను గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను. అన్నిసార్లు వద్దన్నదాన్ని కావాలని అడగడానికి ఎంత గొంతు కావాలో అప్పుడు తెలిసింది. వానెప్పుడు పడుతుందో, కూలి పనులెట్లా ఉన్నాయో, చర్చికి కొత్త రేకులు ఎప్పుడు వేశారో, లోకంలోని సంగతులన్నీ మాట్లాడాను. పక్కింటామె అన్నీ విని, "అవ్వ దగ్గర కూచోమని అడగల్లంటే అంత దూరం పోవల్లనా మామా?" అని నవ్వింది.

ఇప్పుడు ఆమె, పని లేని రోజుల్లో ఇంకొకరిద్దరిని కూడా వెంటబెట్టుకుని వస్తుంది. వాళ్ళ ఇళ్ళలోని కందులు, వేరుశనగ బుడ్డలు తెచ్చుకుని మా పంచలోనే బాగుచేసుకుంటారు. అమ్మ నడుమ కూర్చుని మేస్త్రీ అయిపోయింది. "ఈ పాప గింజలు శుభ్రంగా చేస్తాంది. ఆ పాపవి నోట్లో మాటలే ఎక్కువ" అని తీర్పులు చెబుతుంది. ఆమె ముందు పోసేది మాత్రం చిన్న కుప్ప. పొద్దు నడినెత్తికి రాకముందే ముగిసేంత. ఎవరూ మళ్ళీ కలపరు. ముగియగానే కొలత, కొలత కాగానే కూడు. నేను అక్కడ నిలబడితే పనికి అడ్డమని నన్ను అందరూ కలిసి తరిమేస్తారు. బండ దగ్గరికి పోతాను. ఇప్పుడు పొద్దంతా ఆడుకునే తీరిక ఉంది, గెలుపే రావడం లేదు. గెలుస్తున్నానని ఇంట్లో చెబుతున్నాను.

కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది ఇంకో గంప అవుతుంది. వస్తూనే ఉంది. ఎద్దులు ఇప్పటికీ దప్పికతోనే ఉన్నాయి. కానీ వాసన రాకముందే గోడ మీదుగా కేకేయడం నేర్చుకున్నాను.

నిన్న కొలత సమయానికి బండ నుంచి తిరిగొచ్చాను. అమ్మ పడి తలకొట్టి, "లాభం" అని, నన్ను చూసి అడిగింది.

"ఈ యేడు ఎంత పండిందిరా మనకు?"

ఆ అవకాశం నేను వదులుకుంటానా? "అబ్బో, శానా పండిందిమ్మా. ఇల్లు చాలక పంచలో పోసినాము. బండ్లు బండ్లు. ఊరంతా వచ్చి చూసి పోతాండారు."

పంచలోని ఆడవాళ్ళంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అమ్మ నవ్వలేదు. కోడలు అప్పుడే తెచ్చిపెట్టిన కంచంలోకి వంగి, ముద్దను వేలితో నొక్కి చూసింది.

"అంత పండినప్పుడు ముద్ద ఇంతే ఎందుకుండాదిరా? ఇంగొకటి తెమ్మను."